పాత మజిల్ కారు, రెండు ఫర్లాంగుల రోడ్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కడ కలిసినా, గుడి పార్కింగులో అయినా పుట్టినరోజు ఫంక్షన్‌లో అయినా, నా పాత అమెరికన్ కారు, 1971 షెవర్లే షెవెల్ చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. చెప్పిందే చెప్పి చెప్పి ఇక ఇలా రాసి పెట్టేశాను. నేను మెకానిక్‌ని కాదు, రేసర్‌ని అంతకన్నా కాదు. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని శుక్రవారం సాయంత్రం గ్రీజు చేతులతో తిరిగే బాపతు.

అసలు డ్రాగ్ స్ట్రిప్‌లో ఏం చేస్తారు?

తిన్నగా ఉన్న రోడ్డు, పక్కపక్కనే రెండు లైన్లు, ఒక్క మలుపు ఉండదు. ఆగి ఉన్న కారు బయల్దేరి పావు మైలు ఎంత తొందరగా దాటిందో సెకనులో వెయ్యో వంతు దాకా లెక్కగడతారు, అంతే. పావు మైలంటే 1,320 అడుగులు, అంటే 402 మీటర్లు. పెద్దవాళ్లకి ఇంకా తేలికైన లెక్క ఉంది, సరిగ్గా రెండు ఫర్లాంగులు. మా నాన్న ఫోన్లో ఇది విని "రెండు ఫర్లాంగులు పోవడానికి నలభై మైళ్లు వెళ్తావురా?" అన్నారు. వెళ్తాను. కొన్ని చిన్న ట్రాకుల్లో అందులో సగమే, 660 అడుగులే నడుపుతారు, అక్కడికీ వెళ్తాను.

రోడ్ల మీద పందేలు మాన్పించడానికి పెరిగిన ఆట ఇది. యుద్ధం అయ్యాక కాలిఫోర్నియా కుర్రాళ్లు వీధుల్లో పందేలు వేసుకుంటుంటే వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) అనే సంస్థ పెట్టాడు. 1954 నుంచి వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి పందేలు భద్రంగా ఎలా నడపాలో అక్కడి క్లబ్బులకి నేర్పారు. అప్పట్లో చాలాచోట్ల పాత విమానాల రన్‌వేలే ట్రాకులు.

ఏ కారుని మజిల్ కారు అంటారు?

మధ్యరకం సైజు కారులో పెద్ద కారు ఇంజను దించి, కుర్రాళ్లు కొనగలిగే ధరకి అమ్మితే అది మజిల్ కారు. 1964 పాంటియాక్ జీటీవోతో ఈ ఊపు మొదలైందని ఎక్కువమంది లెక్క, అందులో 389 క్యూబిక్ అంగుళాల ఇంజను, అంటే దాదాపు 6.4 లీటర్లు. 1968లో ప్లిమత్ వాళ్లు రోడ్ రన్నర్ అని తెచ్చారు, నేల మీద కార్పెట్ కూడా లేకుండా రబ్బరు పరిచి, 383 ఇంజను పెట్టి మూడు వేల డాలర్ల లోపు ధరకి మొదలుపెట్టారు. 1970లో షెవెల్ కార్లలో జోరు రకమైన ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్)లో ఎల్ఎస్6 అనే 454 ఇంజను వచ్చింది, కాగితం మీద 450 హార్స్‌పవర్. ఆ తర్వాత ఇన్సూరెన్స్ రేట్లు, పొగ నిబంధనలు, 1973 చమురు సంక్షోభం వరసగా వచ్చి పడ్డాయి. ముస్టాంగ్, కమారో మజిల్ కార్లా, పోనీ కార్లా (చిన్న సైజు స్పోర్టీ కార్లు) అనే పేచీ నా చిన్నప్పటి ఎన్టీఆర్, ఏఎన్నార్ అభిమానుల పేచీ లాంటిది, నేను వేలు పెట్టను.

నాది ఎస్ఎస్ కూడా కాదు. షెవెల్‌లోనే మామూలు రకమైన మాలిబు, 350 ఇంజను, ఆటోమేటిక్. ఎస్ఎస్ బ్యాడ్జీ అంటించమని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అంటించను.

యాభై ఏళ్లు దాటిన కారుని అలా తొక్కడం పాపం కాదా?

కారుని బట్టి ఉంటుంది. హెమీ అనే పెద్ద ఇంజనున్న 1971 ప్లిమత్ 'కుడా (Cuda) కన్వర్టిబుల్ ఒకటి 2014లో వేలంలో 35 లక్షల డాలర్లు పలికింది. మీ దగ్గర అలాంటిది ఉంటే నా సలహా వినకండి, ఇంట్లో దాచుకోండి. ఇంజను మీద ఉన్న నంబరూ కారు నంబరూ కలిసే బండి, అంటే ఫ్యాక్టరీలో వేసిన ఇంజనే ఉన్నది అయితే ఆ ఇంజను తీసి స్టాండు మీద గుడ్డ కప్పి ఉంచి, వేరే ఇంజను వేసుకుని నడిపేవాళ్లున్నారు, అది తెలివైన పని.

నాలాంటి మామూలు కారుకి మాత్రం నిలబెట్టి ఉంచడమే ఎక్కువ చేటు. కార్బ్యురేటర్లో పెట్రోలు ఎండి జిగురు కడుతుంది, ఆయిల్ సీళ్లు గట్టిపడతాయి, బ్రేకు సిలిండర్లకి తుప్పు పడుతుంది. మిషిగన్‌లో స్టాంటన్ అనే ఊళ్లో ప్యూర్ స్టాక్ అని ఒక పోటీ జరుగుతుంది, ఫ్యాక్టరీ నుంచి దిగినట్టే ఉండే కార్లని అప్పటి పద్ధతి సన్న టైర్ల మీద తెచ్చి నడుపుతారు. ఆ కార్ల విలువ తెలియక కాదు కదా వాళ్లు తెచ్చేది.

మొదటిసారి ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

టెస్ట్ అండ్ ట్యూన్ అని పెట్టే రోజు చూసుకుని వెళ్లండి, చాలా ట్రాకుల్లో అది వారం మధ్యలోనో శుక్రవారం సాయంత్రమో ఉంటుంది. ఆ రోజు పోటీ ఉండదు, ఎవరి పాస్‌లు, అంటే ట్రాకు మీద పరుగులు, వాళ్లవి. మామూలు డ్రైవింగ్ లైసెన్సు చాలు. గేటు దగ్గర డబ్బు కట్టి, నంబరు రాయించుకుని, టెక్ ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లడమే. మొదటి రోజు కారులో ఏమీ మార్చకండి. ఉన్నదున్నట్టు తీసుకెళ్లండి. మార్చాక ఎంత బాగుపడిందో తెలియాలంటే ముందు ఎంత ఉండేదో ట్రాకువాళ్లిచ్చే టైము చీటీ మీద ఉండాలి కదా.

పొడుగు ప్యాంటు, షర్టు, కాళ్లు మూసే బూట్లు తప్పనిసరి. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన మిత్రుడొకడు హవాయి చెప్పులతో వచ్చి నా బూట్లు అడిగి వేసుకున్నాడు, సైజు రెండు ఎక్కువ.

టెక్ ఇన్‌స్పెక్షన్‌లో ఏం చూస్తారు?

ఆయిలు, నీళ్లు కారుతున్నాయా, టైర్లు ఎలా ఉన్నాయి, చక్రాల నట్లు అన్నీ ఉన్నాయా, సీటు బెల్టు పనిచేస్తుందా, రేడియేటర్ పొంగితే పట్టడానికి డబ్బా ఉందా, యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి లాగే స్ప్రింగులున్నాయా. ఇక బ్యాటరీ. మొదటిసారి నా బ్యాటరీని సామాన్లు కట్టే ఎలాస్టిక్ తాడుతో బిగించి తీసుకెళ్లాను. చెక్ చేసే పెద్దాయన బానెట్ ఎత్తి, ఒక వేలితో బ్యాటరీని అటూ ఇటూ ఊపి, నా మొహం చూసి బానెట్ దించేశాడు. ఒక్క మాట అనలేదు. పక్క ట్రక్కు ఆయన్ని అడిగి ఓ ఇనుప పట్టీ, రెండు బోల్టులు తెచ్చి బిగించేసరికి గంటన్నర పోయింది. తప్పు పూర్తిగా నాదే.

ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం పాత కార్లకి పావు మైలు 13.99 సెకన్లు, అంతకంటే తొందరగా పోతే హెల్మెట్ ఉండాలి. 11.49 దాకా వస్తే రోల్ బార్ (కారు బోల్తాపడితే తల కాపాడే ఇనుప గొట్టం) కావాలి, కన్వర్టిబుల్‌కి అయితే 13.49కే. మీ కారు నెమ్మది అయినా హెల్మెట్ పెట్టుకోండి. ఈ కార్లలో ఎయిర్ బ్యాగు లేదు.

లైన్ దగ్గర ఏం చేయాలి? నాకు అదే టెన్షన్.

అందరికీ అదే టెన్షన్. ముందు నీళ్లు పోసిన చోటు వస్తుంది. అది గాడులు లేని వెడల్పాటి స్లిక్ టైర్లవాళ్లకి, టైర్లు అక్కడ తిప్పి వేడి చేసుకుంటారు. మీవి మామూలు రోడ్డు టైర్లయితే ఆ నీళ్లని చుట్టి పక్కనుంచి పోవాలి. తొక్కితే టైరు గాడుల్లో నీళ్లు నిండి లైను మీద కారతాయి, మీరూ జారతారు, మీ వెనక వచ్చేవాడూ జారతాడు, వాడు మిమ్మల్ని చూసే చూపు ఇంటిదాకా గుర్తుంటుంది.

తర్వాత ఎదురుగా స్తంభానికి లైట్లు, దాన్ని క్రిస్మస్ ట్రీ అంటారు, 1963 నుంచి వాడుకలో ఉంది. పైన చిన్న లైట్లు రెండు జతలు. రోడ్డుకి అడ్డంగా పోయే రెండు కాంతి కిరణాల్లో మొదటిదాన్ని ముందు చక్రం తాకితే ప్రీ స్టేజ్ వెలుగుతుంది. అక్కడి నుంచి ఏడు అంగుళాలు, అంటే జానెడు కూడా ఉండదు, ముందుకి జరిగితే రెండో కిరణం తగిలి స్టేజ్ వెలుగుతుంది. బ్రేకు మీద కాలు తీసీ తీయనట్టు తీసి జరపాలి. ఇద్దరూ స్టేజ్ అయ్యాక మూడు పసుపు లైట్లు అర సెకను అర సెకను తేడాతో పైనుంచి కిందికి దిగుతాయి, ఆ తర్వాత పచ్చ. పచ్చ చూసి తొక్కితే ఆలస్యం అయిపోయినట్టే, మూడో పసుపు పడగానే తొక్కాలి. తొందరపడి ముందే పోతే ఎర్ర లైటు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి. మీ టైము లెక్క పచ్చ లైటుతో మొదలవదు, ముందు చక్రం ఆ కిరణం దాటినప్పుడే మొదలవుతుంది. కాబట్టి టెస్ట్ రోజున నిదానంగా, తడబడకుండా బయల్దేరండి. లైటు దగ్గర నిద్రపోయినా మీ టైముకి ఏ నష్టం లేదు.

గీత దాటాక ఒక్కసారిగా బ్రేకు తొక్కొద్దు. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులున్న కారులో 85 మైళ్ల వేగం మీద ఒకసారి గట్టిగా తొక్కితే ఆగుతుంది, వేడెక్కిన డ్రమ్ములతో రెండోసారి తొక్కితే పెడల్ గట్టిగానే ఉంటుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది. ఆ వాసన ఒకసారి పీలిస్తే డిస్కు బ్రేకులకి డబ్బు దానంతటదే బయటికొస్తుంది. ఇంకొకటి, పక్క లైను కారు ఎక్కడుందో చూడకుండా దాని ముందు నుంచి మలుపు తిరగొద్దు.

చీటీ మీద ఆ అంకెలన్నీ ఏమిటి?

తిరిగొచ్చే దారిలో చిన్న గది కిటికీలోంచి టైమ్ స్లిప్ ఇస్తారు. నా మొట్టమొదటి చీటీ ఇప్పటికీ గ్యారేజీ గోడకి ఉంది. రియాక్షన్, అంటే పచ్చ లైటు పడ్డాక నేను కదలడానికి పట్టిన టైము, 0.912. అరవై అడుగులు 2.45. అర దూరం, అంటే 660 అడుగులు 10.35. వెయ్యి అడుగులు 13.45. పావు మైలు 16.10, వేగం 86 మైళ్లు. ఆ రోజు పక్క లైనులో పిల్లల సీట్లున్న మినీవ్యాన్ నాకంటే ముందు గీత దాటింది.

అందరూ కింది అంకె చూస్తారు. మీరు అరవై అడుగుల అంకె చూడండి. ప్రకాశం, గుంటూరు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. బండ కదిలే ఆ మొదటి ఊపులో గిట్ట జారిందంటే జత ఎంత బలమైనదైనా వెనకబడుతుంది. ఇక్కడా అంతే, మొదటి అరవై అడుగుల్లో పదో వంతు సెకను మిగిలిస్తే చివర్లో ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెండు రెట్లు కలిసొస్తుంది.

చివరి వేగం మాత్రం ఇంజను బలం చెప్పే అంకె. టైర్లు జారినా అది పెద్దగా మారదు. వేగాన్ని 234తో భాగించి, వచ్చినదాన్ని అదే అంకెతో ఇంకో రెండుసార్లు హెచ్చవేసి, అంటే ఘనం చేసి, మీతో సహా కారు బరువు పౌండ్లలో పెట్టి గుణించండి. నాది 3,700 పౌండ్లు, 86 మైళ్లు. వచ్చింది 184 గుర్రాలు, అంటే హార్స్‌పవర్.

మీ కారు బ్రోషర్‌లో 270 గుర్రాలని ఉందిగా, మిగతావి ఎక్కడికి పోయాయి?

ఎక్కడికీ పోలేదు, ఎప్పుడూ లేవు. 1971 దాకా అమెరికాలో ప్రకటనల్లో చెప్పింది గ్రాస్ లెక్క, అంటే ఇంజనుని బల్ల మీద పెట్టి, ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు లాంటి బరువులేమీ లేకుండా కొలిచినది. 1972 నుంచి కారులో ఉన్నట్టుగా కొలిచే నెట్ లెక్క వచ్చింది. షెవర్లే ఎల్ఎస్5 అనే 454 ఇంజను 1971లో 365, మరుసటి ఏడాది 1972లో 270. ఒక్క ఏడాదిలో ఇంజనేమీ చచ్చిపోలేదు, తక్కెడ మారింది. హెమీ, ఎల్ఎస్6 ఇంజన్ల బలాన్ని ఇన్సూరెన్స్ భయంతో కంపెనీలు కావాలని తగ్గించి చెప్పాయనే కథలు మీరు వినే ఉంటారు. మీ కారు సంగతి కథలు చెప్పవు, చీటీ చెబుతుంది.

ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటి చీటీ అవమానం తట్టుకోలేక పెద్ద క్యామ్‌షాఫ్ట్ (ఇంజను వాల్వులని తెరిచే కడ్డీ), పెద్ద కార్బ్యురేటర్ పెట్టించాను. పెట్టిన షాపాయన ఒకసారి వద్దనే అన్నాడు, నేనే వినలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను "గడ గడ గడ" అని ఊగుతుంటే అందరూ తిరిగి చూసేవాళ్లు, నాకు భలే గర్వం. ట్రాకు మీద 16.4. డబ్బు పోసి నెమ్మది చేసుకున్నాను. నా వెనక యాక్సిల్ గేర్ 2.73, హైవేకి పనికొచ్చే గేరు, ఆ క్యామ్‌కి బలం వచ్చే స్పీడు దగ్గరికి ఇంజను చేరేసరికి పావు మైలు సగం అయిపోయేది.

నిజానికి వరస ఇది. బ్రేకులు, బ్రేకు గొట్టాలు. తర్వాత దాదాపు ఉచితంగా వచ్చే ట్యూనింగ్, అంటే ఇగ్నిషన్ టైమింగ్, కార్బ్యురేటర్ సర్దుబాటు, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కితే కార్బ్యురేటర్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా అన్నది. నవ్వకండి, నాది ముప్పావు వంతే తెరుచుకునేది, కార్పెట్ అడ్డం. తర్వాత టైర్లు. 275/60 ఆర్15 డ్రాగ్ రేడియల్స్ ఈ తరం కార్లకి వాడే సైజే, గాలి 20 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి కాస్త కాస్త మార్చి చూసుకోండి. తర్వాత గేరు. క్యామ్ వెనక్కి మామూలుది పెట్టించి, 3.73 గేరు వేసి, పొగ తేలిగ్గా బయటికి పోయే హెడర్లు, ఇంజనుకి గాలి బాగా అందించే ఇన్‌టేక్ మానిఫోల్డ్ తగిలించాక మూడేళ్లకి 14.3 సెకన్లు, 96 మైళ్లు వచ్చింది. పైన చెప్పిన లెక్కలో అది 255 గుర్రాలు. పాత పద్ధతి ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ ఉన్న ఇంజనుకి జింక్ ఎక్కువున్న ఆయిలే పోయాలి, ఇప్పటి మామూలు ఆయిల్లో అది తగ్గించేశారు, క్యామ్ అరిగిపోతుంది.

టెస్లా పక్కన నిలబడితే పరువు పోదా?

పోతుంది. చప్పుడు లేకుండా పోతుంది. అందుకే బ్రాకెట్ రేసింగ్ చూడండి. మీ కారు ఎంతలో వెళ్తుందో మీరే అద్దం మీద రాస్తారు. నేను 14.30 అని రాశాను, పక్కవాడు 10.80 అని రాశాడు అనుకోండి, నాకు లైటు మూడున్నర సెకన్లు ముందు పడుతుంది. రాసినదానికంటే తొందరగా పోయినా ఓడిపోవచ్చు, దాన్ని బ్రేకౌట్ అంటారు. వేగం కంటే నిలకడ, లైటు దగ్గర మెలకువ గెలిపిస్తాయి. నెమ్మది కారుతో తెలివైన ముసలాళ్లు కుర్రాళ్లని ఎలా ఇంటికి పంపుతారో చూడటానికైనా ఓ ఆదివారం వెళ్లాలి.

ఇన్సూరెన్స్ వర్తిస్తుందా?

చాలా పాలసీల్లో, ముఖ్యంగా క్లాసిక్ కార్ల పాలసీల్లో, టైము కొలిచే పోటీలకి వర్తించదని రాసి ఉంటుంది. వెళ్లకముందే మీ కాగితం చదవండి.

టెక్సస్ ఎండలో నడపొచ్చా?

జూలైలో నడపొచ్చు, సుఖం ఉండదు. వేడిగాలి పలచన, ఇంజనుకి దమ్ము చాలదు. లైన్లో నిలబడ్డప్పుడు కార్బ్యురేటర్లో పెట్రోలు మరిగిపోయి కారు స్టార్ట్ అవదు, అందుకే అందరూ బానెట్లు ఎత్తి నిలబడతారు. అక్టోబరు దాటాక రాత్రిపూట అదే కారు అదే డ్రైవరుతో పదో వంతు, రెండు పదో వంతులు తొందరగా పోతుంది. ఎత్తు కూడా లెక్కే. డెన్వర్ దగ్గరి బాండిమీర్ ట్రాకు 5,800 అడుగుల ఎత్తులో ఉండేది, అక్కడి టైములకి వేరే లెక్క కట్టుకునేవారు. 2023తో అది మూతపడింది.

మా దగ్గర్లో ట్రాకు ఉందా?

ఉంటే ఇప్పుడే వెళ్లండి. మనవాళ్లు గుంపుగా ఉండే ఊళ్ల దగ్గరే ఎక్కువ మూసేశారు. న్యూజెర్సీలో ఎడిసన్ వాళ్లకి దగ్గర్లోని ఇంగ్లిష్‌టౌన్‌లో 2018లో డ్రాగ్ రేసింగ్ ఆపేశారు. అట్లాంటా వాళ్లకి కామర్స్‌లో ఉన్నది 2021లో, హ్యూస్టన్ వాళ్లకి బేటౌన్‌లో ఉన్నది 2023లో పోయాయి. ఊరు పెరుగుతుంది, భూమి ధర పెరుగుతుంది, ఆ పెరిగే ఇళ్లలో మనమూ కొనుక్కున్నాం. డల్లాస్ వాళ్లం కాస్త అదృష్టవంతులం, ఎనిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ ఉంది. 1986లో బిల్లీ మేయర్ కట్టించాడు, పావు మైలూ కాంక్రీటే. 1988 ఏప్రిల్‌లో ఎడ్డీ హిల్ 4.990 సెకన్లలో వెళ్లి, ఐదు సెకన్ల లోపు పావు మైలు దాటిన మొదటివాడైంది అక్కడే.

ఇండియాలో కుదురుతుందా?

పోటీలైతే ఉన్నాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో, లోణావలా దగ్గర ఆంబీ వ్యాలీలో డ్రాగ్ పోటీలు జరిగాయి. ఎడమచేతి స్టీరింగ్ పాత అమెరికన్ కారు అక్కడికి చేర్చడం మాత్రం వేరే తలనొప్పి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు డ్రాగ్ స్ట్రిప్ కాదు. దయచేసి.

ఇంట్లోవాళ్లని తీసుకెళ్లొచ్చా?

చక్కగా తీసుకెళ్లొచ్చు, మీ పాస్‌ల మధ్య గంటసేపు ఖాళీ ఉంటుంది, అప్పటికి పులిహోర డబ్బా, మడత కుర్చీలు ఉంటే చాలు. పిల్లలకి చెవులు మూసే హెడ్‌ఫోన్లు మర్చిపోవద్దు. పెద్ద ఇంజన్ల చప్పుడు చెవికి కాదు, ఛాతీకి తగులుతుంది.

కిందటి చలికాలం మా నాన్న వచ్చారు. శాలువా కప్పుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని నాలుగు పాస్‌లూ చూశారు. చివరి చీటీ తెచ్చి చేతికిచ్చాను, 14.31, ఆ రోజుకి నాకదే మంచి టైము. కళ్లజోడు పైకి తోసుకుని నా వరసా, పక్కవాడి వరసా రెండూ పైనుంచి కిందిదాకా చదివారు. నా వరసలో మొదటి అంకె మీద వేలు పెట్టి, "కారు బాగానే పోయిందిరా, నువ్వే లేటుగా లేచావు" అన్నారు. రియాక్షన్ 0.874.